లాగ్ బుక్కులో లేని మాట

సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్ ఉద్యోగం చూసేవాళ్లకు కుర్చీలో కూర్చునే పనిలాగే ఉంటుంది. కానీ గంటకోసారి లేచి, యార్డులోని రెండు పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గరకు వెళ్లి, వేడి ఎంతుందో, నూనె ఏ గీత దగ్గరుందో చూసి లాగ్ బుక్కులో రాయాలి. పద్దెనిమిదేళ్లుగా ఆ ఆపరేటర్ ఒక్క గంట కూడా తప్పలేదు. ఒళ్లు కాలిపోయే జ్వరంలోనూ రాశాడు. తండ్రి పోయాడన్న కబురు వచ్చిన రోజున, డ్యూటీ మార్చుకునే మనిషి వచ్చేదాకా కళ్లు తుడుచుకుంటూ అంకెలు వేశాడు.

ఆ వేసవిలో రెండో నంబరు ట్రాన్స్‌ఫార్మర్ నూనె కార్చడం మొదలుపెట్టింది. మొదట తడి, తర్వాత చుక్కలు. నూనె బయటికి రాకుండా ఆపే వేలెడంత రబ్బరు పట్టీ ఎండి పగిలింది, అంతే. దాన్ని మార్చాలంటే ఒక పూట సరఫరా ఆపాలి. ఆపితే సగం ఊరు ఉక్కపోతలో ఉడికిపోతుంది. రెండో దాని బరువు కూడా మొదటి నంబరు మీద వేద్దామంటే, దాని బరువే అది ఆపసోపాలు పడుతూ మోస్తోంది.

అతను ఇంజనీరుకు ఫోన్ చేశాడు. ఆ ఇంజనీరు ఎవరో కాదు, సొంత బావమరిది, భార్యకు తమ్ముడు. తల్లిలేని పిల్లాడని అక్క తనతోపాటు అత్తారింటికి తెచ్చుకుంది. నైట్ డ్యూటీ చేసొచ్చి కళ్లు మూతలు పడుతున్నా, ఆపరేటర్ వాడికి దగ్గర కూర్చుని లెక్కలు చెప్పాడు. వాడు చదివి చదివి అతనికే పైఅధికారిగా వచ్చాడు. ఆఫీసులో "సార్" అనాలి, ఇంట్లో "ఏరా" అనొచ్చు. ఫోన్లో ఏమనాలో తెలియక అతను ఎప్పుడూ రెండు క్షణాలు నీళ్లు నమిలేవాడు.

నూనె కారుతోందని, పుస్తకంలో ఎర్ర సిరాతో రాస్తున్నానని చెప్పాడు.

"రాయకు బావా," అన్నాడు బావమరిది. "రాస్తే నా మెడకు చుట్టుకుంటుంది. ఆపుతానంటే పైవాళ్లు ఒప్పుకోరు, ఆపకపోతే ఎందుకు ఆపలేదని నన్నే అడుగుతారు. నాలుగు వానలు పడి ఊరు చల్లబడనీ, దగ్గరుండి నేనే చేయిస్తా. మన మధ్య నోటిమాట చాలదా?"

చాలుననుకున్నాడు. 'నూనె మట్టం సరిగా ఉంది' అని నీలం సిరాతో రాశాడు. ఆ నెలలో ఇంకో మూడుసార్లు ఫోన్లో చెప్పాడు. మూడుసార్లూ పక్కన టీ తాగుతూ విన్నవాడు లైన్‌మన్. తాటిచెట్టంత మనిషి కావడంతో అందరూ నిచ్చెన అనేవాళ్లు. పిలిస్తే దర్జాగా పలికేవాడు.

ఒక మధ్యాహ్నం మూడింటికి కిటికీ అద్దాలు ఒక్కసారిగా అదిరాయి. చూస్తే నూనె తగ్గి కాగిపోయిన రెండో నంబరు మీద నల్లటి పొగ, దాని కింద మంట. ఆపరేటర్ ప్యానెల్ దగ్గరకు దూకి, కరెంటు తెంచే బ్రేకర్లను ఒక్కొక్కటిగా తెరవసాగాడు. ఒకటి మొరాయించింది. స్విచ్ ఎన్నిసార్లు తిప్పినా యార్డులో ఆ బ్రేకర్ కదల్లేదు. అది తెరుచుకోకపోతే మొదటి నంబరు కూడా పోతుంది, ఊరు ఊరంతా పోతుంది. దాన్ని దగ్గరికెళ్లి చేత్తో విడగొట్టడమొక్కటే దారి.

"నువ్వు ప్యానెల్ వదలకు," అని నిచ్చెన బయటికి పరిగెత్తాడు.

విడగొట్టాడు కూడా. వెనక్కి తిరిగేలోపు కాగిన నూనె ఎగజిమ్మింది. ముఖానికి చేతులు అడ్డం పెట్టుకున్నాడు. ముఖం మిగిలింది, చేతులు మిగల్లేదు.

నురగ చల్లే ఫైరింజన్ పక్క ఊరి నుంచి రావడానికి గంట పట్టింది. సగం ఊరు మూడు రోజులు చీకట్లో ఉంది. పంపులు ఆగి కొళాయిలు ఎండిపోయాయి. ఎనిమిదో అంతస్తు వాళ్లు బకెట్లతో మెట్లెక్కారు. ఆస్పత్రి ఫ్రిజ్‌లో టీకా మందులన్నీ పాడయ్యాయి. కంట్రోల్ రూమ్ ఫోన్ మోగుతూనే ఉంది. కరెంటెప్పుడొస్తుందని అడిగినవాళ్లే తప్ప, మనుషులెవరికైనా దెబ్బలు తగిలాయా అని అడిగినవాళ్లు లేరు.

నాలుగో రోజు విచారణ అధికారులు వచ్చారు. పుస్తకం తిరగేస్తే నెలంతా నూనె మట్టం భేషుగ్గా ఉంది. ఎవరికైనా చెప్పారా అని అడిగితే ఆపరేటర్ బావమరిది వైపు చూశాడు. అతను కిటికీలోంచి యార్డు చూస్తున్నాడు. ఆపరేటర్ ఆలోచించుకుని రాసిస్తానన్నాడు.

ఇంటికొచ్చేసరికి బావమరిది అక్కడే ఉన్నాడు. అక్క కాళ్ల దగ్గర నేలమీద కూర్చున్నాడు. తన పేరు బయటికొస్తే ఉద్యోగమే పోతుందని, బావ మీదైతే ఆరు నెలల సస్పెన్షన్‌తో తేలిపోతుందని, ఆ తర్వాత అంతా తాను చూసుకుంటానని ఆమెకు అప్పటికే చెప్పేశాడు.

"వాణ్ణి నా చేత్తో పెంచాను," అంది భార్య. "నాకోసం ఈ ఒక్కటీ చెయ్యి."

ఆ రాత్రి అతను అన్నం ముట్టలేదు. పొద్దున్నే వెళ్లి, నూనె కారడం తాను గమనించలేదని రాసి సంతకం పెట్టాడు.

సంతకం తన ఒక్కడి మీదకే వస్తుందనుకున్నాడు. కాగితం ఎంత దూరం పోతుందో నెల తర్వాత తెలిసింది. 'డ్యూటీలో ఉన్న సిబ్బంది నిర్లక్ష్యం వల్ల ప్రమాదం' అని తేల్చారు. ఆ షిఫ్టు సిబ్బంది అంటే ఇద్దరే, అతనూ నిచ్చెనా. సొంత నిర్లక్ష్యంతో గాయపడ్డవాడికి శాఖ తరఫున పెద్దాస్పత్రిలో వైద్యం చేయించే నిబంధన లేదట. స్థానిక ఆస్పత్రిలో కట్లు కట్టి పంపేశారు. వేళ్లు ఒకదానికొకటి అతుక్కుపోయాయి.

ఆపరేటర్ నిచ్చెన ఇంటికి వెళ్లాడు. నిచ్చెన భార్య ఆయనకు ముద్దలు కలిపి పెడుతోంది. అతను తలుపు దగ్గరే నిలబడి, ఏం రాసిచ్చాడో, ఎవరి కోసం రాసిచ్చాడో అంతా చెప్పాడు. నిచ్చెన నోట్లో ముద్ద నిదానంగా మింగాడు.

"పోనీలే అనమంటావా?" అన్నాడు. "నన్నెవరైనా అడిగితే నువ్వు ఫోన్లో చెప్పావని చెబుదామనుకున్నా. ఎవరూ రాలేదు. నువ్వే ఒప్పుకున్నాక ఇంకెవరొస్తారు? పోనీలే అనలేను నాయనా. నోరు రావట్లేదు."

అతను తిన్నగా పెద్దాఫీసుకు వెళ్లి రెండో వాంగ్మూలం రాశాడు. ఏ తారీఖున ఎన్ని గంటలకు ఎవరికి ఫోన్ చేశాడో, వాళ్లేమన్నారో, నిచ్చెన ఎలా విన్నాడో, ఒక్క అక్షరం దాచలేదు. గుమాస్తా ముద్ర వేసి లోపల పెట్టాడు.

జవాబు రెండు నెలలకు వచ్చింది. పరస్పర విరుద్ధమైన వాంగ్మూలాలు ఇచ్చినందున అతని మాట నమ్మదగింది కాదని, ఉద్యోగం నుంచి తొలగించామని. అదే వారంలో బావమరిదికి మూడు రోజుల్లో సరఫరా పునరుద్ధరించినందుకు ప్రశంసాపత్రం ఇచ్చారు.

భార్య తమ్ముడికి ఫోన్ చేసింది. ఎప్పుడూ గంటసేపు మాట్లాడే మనిషి రెండు నిమిషాల్లో పెట్టేసింది.

"బావ తన చేత్తో తానే రాసుకున్నాడు కదక్కా అంటున్నాడు," అంది. గోడకేసి చూస్తూ, "నేను అడిగాననుకో. నువ్వు కాదనాల్సింది," అంది.



ఇప్పుడతను ఒక మోటారు వైండింగ్ షాపులో రాగి తీగ చుడుతున్నాడు. పనిలోకి వెళ్లేముందు రెండురోజులకోసారి నిచ్చెన ఇంటికి వెళ్లి ఆయనకు గడ్డం గీస్తాడు. నిచ్చెన గడ్డం ఎత్తి పట్టుకుంటాడు, కానీ మాట్లాడడు. సబ్బు కడిగేసి, తువ్వాలుతో ఒత్తి, అతను వచ్చిన దారినే వెళ్లిపోతాడు.