సొంతదే అనుకుని

యూనిస్ చిక్కుడుకాయలు కోయబోయి ఆగింది. పాదు కొసలు లేతగా పొడుగ్గా సాగి, పిండిన బట్టలా మెలికలు తిరిగి ఉన్నాయి. రెండు రోజుల క్రితం పక్క మొక్కజొన్న చేలో కలుపు మందు కొట్టారు. గాలికి ఇటు వచ్చింది కాబోలు. దాని సంగతి ఆమెకు బాగా తెలుసు. తను పనిచేసే గుడారి కాలేజీలో ఆ ఉదయమే పిల్లలకు పాఠం చెప్పింది. పెరగడానికి మొక్క తనలోనే ఒక హార్మోను తయారు చేసుకుంటుంది. ఈ మందుది అచ్చం దాని పోలికే. ఆ హార్మోనును కణంలోకి చేర్చే ప్రోటీన్లు దీన్ని కూడా తమదే అనుకుని మోసుకుపోతాయి. మొక్క ఎండి చావదు. అదుపు లేకుండా పెరిగి పెరిగి చస్తుంది.

ఖాళీ గిన్నెతో వంటింట్లోకి వచ్చేసరికి కూతురు ఫేబ కాగితం పట్టుకుని నిలబడి ఉంది. కోరాపుట్‌లో డిగ్రీ సీటు వచ్చింది. హాస్టల్ ఫారం మీద అమ్మానాన్నల్లో ఒకరు సంతకం చేయాలి. యూనిస్ సంతోషంగా చెయ్యి చాచింది. అంతలో చిన్నగా దగ్గింది. ఆమెకు దగ్గు లేదు. ఆ వెంటనే ఆమె నోటి నుంచే మాట వచ్చింది.

"ఏటమ్మీ, నువ్వెల్లిపోతే ఇంట్లో మగోల్లకి కంచాలెవులు పెడతారు?"

ఫేబ అమ్మను చూడలేదు. అమ్మ వెనక గుమ్మం వైపు చూసింది. అక్కడ ఎవరూ లేరు. ఆ గుమ్మంలో నిలబడి, ఓసారి దగ్గి, అలాంటి మాటలు అనే నాయనమ్మ పుష్పకుమారి పోయి ఏడాది దాటింది.

ముందు గదిలోంచి భర్త శుభాకర్ నవ్వాడు. "అచ్చం మా అమ్మే," అన్నాడు ముచ్చటగా.

యూనిస్ చాచిన చెయ్యి ఆపేసింది. పద్దెనిమిదేళ్లు అత్త నోట విన్న మాటలు. "ఆడమనిసికి ఆ నవ్వేటి" అంటే కొత్తలో స్నానాల గదిలోకి పోయి ఏడ్చేది. పోనుపోను అవి గుచ్చుకోవడం మానేశాయి. ఓర్పు వచ్చిందనుకుంది. కూరలో ఉప్పు తగ్గించడం, నవ్వొస్తే నోటికి చెంగు అడ్డం పెట్టుకోవడం, అందరి తర్వాత తినడం, వీటిలో తను పుట్టింటి నుంచి తెచ్చుకున్నదేది, ఆవిడదేది? విడదీయబోతే ఒక్కటీ విడిగా చేతికి రాలేదు.

ఫారం అందుకుని, పొయ్యి గట్టు మీద పెట్టి, సంతకం చేసింది.

శుభాకర్ లేచి వచ్చాడు. కోపమేమీ లేదు, నిజంగానే తెలియక అడిగినట్టు అడిగాడు. "మరి ఇంట్లో పనులెవులు సూస్తారు?"

'నేనున్నాను గదా నాయినా' అన్న అత్త జవాబు నాలుక మీదికి వచ్చేసింది, దగ్గుతో సహా. యూనిస్ పెదవులు బిగించి, అది పోయేదాకా అలాగే నిలబడింది. సంతకమైన కాగితం మడుస్తున్న ఫేబ ఆగిపోయింది.

"నాకు తెల్దండి," అంది యూనిస్.