తప్పులు చెప్పే చోటు

దినేశేట్టన్ ఫోను మోగిందంటే ఎక్కడో ఎవరికో 'కాతు' మొరాయించిందని అర్థం. బ్యాంకులో ఉన్నా, చేపల బజార్లో ఉన్నా, పెళ్లి భోజనంలో విస్తరి ముందు కూర్చున్నా సరే, ఆయన ఫోనెత్తి ముందు "ఏమంటోంది?" అనేవారు. ఏడుస్తున్న పసిపిల్ల గురించి అడిగినట్టుండేది.

మా భాషలో ఏట్టన్ అంటే అన్న, కాతు అంటే చెవి. కంప్యూటర్ తెర మీదున్న మలయాళాన్ని చదివి వినిపించే ప్రోగ్రామ్ అది. చూపు లేనివాళ్ల కోసం రాసింది. ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, లోపల ఎలా ఉందో చూడొచ్చు, కావాలంటే మార్చుకోవచ్చు. సహకార బ్యాంకులో గుమాస్తా పని చేసుకుంటూనే దినేశేట్టన్ ఏళ్ల తరబడి దాన్ని రాస్తూ వచ్చారు. సాయం చేసేవాళ్లం నలుగురైదుగురం. నెలకో ఆదివారం కోళిక్కోడ్‌లో మానాంచిర చెరువు దగ్గర ఒక గ్రంథాలయం మేడ మీద కలిసేవాళ్లం.

నేను ఆ గుంపులో చివరగా చేరాను. పెళ్లికి ముందు బెంగళూరులో ఒక కంపెనీలో ఇతరులు రాసిన ప్రోగ్రాములకు వంకలు వెతకడమే నా ఉద్యోగం. కాన్పుకు కోళిక్కోడ్ వచ్చి ఇక్కడే ఉండిపోయాను. పాప నడక నేర్చేసరికి నా చేతులు దురద పెట్టడం మొదలైంది. అదే మాట మా అత్తగారితో అంటే, "వెళ్లు, వంక పెట్టడానికి నేనొక్కదాన్నే దొరికితే నాకే కష్టం," అని ఆమే నన్ను ఆ మీటింగుకి పంపింది.

నేను వెళ్లిన మొదటి ఆదివారమే వేలాయుధన్ మాష్ ఫోన్ వచ్చింది. ఆయన కొయిలాండిలో హైస్కూలు మలయాళం మాష్టారు. పుట్టు గుడ్డి. దినేశేట్టన్ ఫోను బల్ల మీద పెట్టి అందరికీ వినిపించేలా స్పీకర్ నొక్కారు.

"దినేశా, నీ చెవిలో గుబిలి పేరుకుంది," అంది ఫోను. "మళ్లీ మా పిల్లల తోకలు కోసేస్తోంది. మోహనన్‌ని మోహనా అంటోంది. సుకుమారన్‌ని సుకుమారా అంటోంది. హాజరు వేస్తుంటే క్లాసులో ప్రేమగా పిలుస్తున్నట్టుంది."

"అది పోయిన నెలే సరిచేశాను మాష్."

"పోయిన నెల నువ్వు సరిచేసింది ఇంకొకటి. అంతకు ముందు నెల ఇది చెప్పాను. ఓణం ముందు కూడా చెప్పాను."

దినేశేట్టన్ తన కంప్యూటర్లో 'మోహనన్' అని కొట్టి వినిపించారు. అది తోకతో సహా శుభ్రంగా పలికింది. "చూశారా, నా దగ్గర బాగానే ఉంది."

"అయితే పిల్లల్ని నీ ఇంటికి పంపిస్తాను. అక్కడే హాజరు వెయ్యి," అని మాష్ ఫోను పెట్టేశారు.

అందరూ నవ్వారు. దినేశేట్టన్ నవ్వలేదు. ఆయన కళ్ల కింద నల్లటి చారలు నేను అప్పుడే చూశాను. ఎవరేం చెప్పారో అంతా ఆయన తలలోనే ఉంటుంది. కొత్తది ఒకటి దూరితే పాతది ఒకటి జారిపోతుంది. ఎవరు గట్టిగా అరిస్తే వాళ్ల పని ముందు. మెల్లగా చెప్పినవాళ్లకి మళ్లీ చెప్పడానికి మొహమాటం.

"దినేశేట్టా, ఈ తప్పులకి, బగ్గులకి ఒక చోటు పెడదాం," అన్నాను. "ఎవరికి ఏ ఇబ్బంది వచ్చినా అక్కడ రాస్తారు. దానికో నంబరు పడుతుంది. ఎవరు చూస్తున్నారు, ఎక్కడిదాకా వచ్చింది, అన్నీ అక్కడే కనిపిస్తాయి. తీరిపోతే మూసేస్తాం."

"అందరికీ కనిపిస్తాయా?"

"అందరికీ."

"అంటే మన మాసిన బట్టలు వీధి వరండాలో ఆరేద్దామంటావు."

"మాసినవి కాదు, ఉతకాల్సినవి."

"రెండూ ఒకటే," అన్నారాయన. "పెట్టుకో. నడపడం కూడా నీదే," అన్నారు.

ఒక కాలేజీలో పనిచేసే మా సభ్యుడొకడు అక్కడి సర్వర్లో కాస్త జాగా ఇప్పించాడు. అలాంటి పనికి ఉచితంగా దొరికే ప్రోగ్రామ్ ఒకటి ఎంచుకున్నాను. మధ్యాహ్నాలు పాప నిద్రపోతున్నప్పుడు దాన్ని కూర్చోబెట్టాను. బగ్ అంటే పురుగని మా ఉమ్మకి, అంటే మా అమ్మకి, ఎవరో చెప్పినట్టున్నారు. రోజూ సాయంత్రం టీ ఇస్తూ, "ఇవాళ ఎన్ని దొరికాయి?" అని అడిగేది. "ఇంకా వల వేస్తున్నాను ఉమ్మా," అనేదాన్ని.

అంతా సిద్ధమయ్యాక కాతు వాడే అందరికీ మెయిల్ పంపాం. ఒక వారం గడిచింది. ఒక్కటీ రాలేదు. రెండో వారమూ అంతే. దినేశేట్టన్ ఫోన్ చేసి, "చూశావా జుబీ, మన ప్రోగ్రామ్‌లో తప్పుల్లేవు," అన్నారు. గొంతులో సంతోషం దాగలేదు.

ఆ మర్నాడు వేలాయుధన్ మాష్ ఫోన్ చేశారు. కూతుర్ని పిలిచినట్టు "మోళే" అని మొదలుపెట్టారు.

"మోళే, ఇల్లు చాలా బాగా కట్టావట. తలుపెక్కడ?"

"అదేంటి మాష్?"

"పేరు రాశాను. మెయిల్ రాశాను. ఏ వెర్షన్, ఏ భాగం, ఎంత తీవ్రం అని ఇంగ్లీషులో అడిగినవన్నీ రాశాను. చివర ఒక బొమ్మ ఉందట. అందులో వంకరటింకరగా ఉన్న అక్షరాలు చూసి రాయాలట. నేను మనిషినని నమ్మడానికి."

మనిషి వేషంలో ప్రోగ్రాములు వచ్చి చెత్త ప్రకటనలు పడెయ్యకుండా ఆ ప్రోగ్రామ్‌తోపాటే వచ్చే కాపలా అది. బెంగళూరులో వందసార్లు చూశాను. అలవాటు కొద్దీ అలాగే ఉంచేశాను. చూపు లేనివాళ్ల కోసం పెట్టిన చోటుకి, చూపున్నవాళ్లకి మాత్రమే తెరుచుకునే తలుపు బిగించాను.

"మా అబ్బాయిని పిలిచి చదివించుకోవచ్చనుకో," అన్నారు మాష్. "కానీ వాడు చదివి పెట్టేట్టయితే నాకు కాతు ఎందుకు?"

ఆ పూటే ఆ బొమ్మ తీసేశాను. తెల్లారేసరికి బట్టతల మందులు, చేతి గడియారాలు, లాటరీలు నిండిపోయాయి. పోనీ ఒక ప్రశ్న అడుగుదామని, 'పుట్టుతో ఏం తింటారు?' అని మలయాళంలో పెట్టాను. పుట్టు అంటే మా వైపు ఆవిరి మీద వండే బియ్యప్పిండి టిఫిను. జవాబు శనగలు. సాయంత్రానికల్లా గొడవ మొదలైంది. అరటిపండు అని రాసినవాడికి తలుపు తెరుచుకోలేదు. అప్పడం అని రాసిన ఆవిడ, తన ఊరినే అవమానించారని పొడుగాటి మెయిల్ పెట్టింది. పొట్టు మినప్పప్పు, చేపల పులుసు, ఉత్త చక్కెర, ఎవరి ఇంటి అలవాటు వాళ్లదే. చివరికి జవాబు ఏదైనా పర్వాలేదు, మలయాళం అక్షరాల్లో ఉంటే చాలని మార్చాను. చెత్త ప్రకటనలకు మా అక్షరాలు రావు. వాటి పీడ అంతటితో వదిలింది. ఆ ఇంగ్లీషు ప్రశ్నలన్నీ కూడా తీసేసి మలయాళంలో మూడే పెట్టాను: ఏం చేశారు, ఏమవ్వాలి, ఏమైంది.

అప్పుడు మొదలయ్యాయి. మొదటి రోజు పది. తర్వాత ఇరవై. నెల తిరిగేసరికి నూరు దాటాయి. కొత్తది వచ్చినప్పుడల్లా దినేశేట్టన్‌కు మెయిల్ వెళ్లేలా నేనే అమర్చాను. అది ఇంకో తెలివితక్కువ పని.

ఆ నెల మీటింగుకి ఆయన రాలేదు. ఫోన్ చేస్తే కట్టేసి ఉంది. పాపను ఎత్తుకుని ఎలత్తూరులో వాళ్లింటికి బస్సెక్కాను.

ఆయన వరండాలో పత్రిక అడ్డంపెట్టుకుని కూర్చున్నారు. వాళ్ల ఆవిడ శ్రీజ పాపను అందుకుని లోపలి నుంచి పళంపొరి అనే అరటిపండు బజ్జీల పళ్లెం తెచ్చింది.

"జుబీ, ఇల్లు కట్టుకుని భోజనానికి పిలిస్తే, వచ్చినవాళ్లంతా గోడలకి గోరు పెట్టి గీకి చూస్తున్నట్టుంది," అన్నారు దినేశేట్టన్, పత్రిక దించకుండానే. "ఒక్కడైనా బాగుందని రాశాడా?"

"బాగుందని రాయడానికి గడి పెట్టలేదు."

"నవ్వు రావట్లేదు నాకు."

నాకూ రాలేదు. తెచ్చిన లాప్‌టాప్ తెరిచి బల్ల మీద పెట్టాను. శ్రీజ పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని అందులోకి తొంగి చూసింది. పైనున్నది బయటికే చదవడం మొదలుపెట్టింది.

"'రోజూ సాయంత్రం మా నాన్న కాతుతోనే పత్రిక వింటాడు. ఆదివారం అనుబంధం రాగానే సగంలో ఆగిపోతోంది. మిగతాది నన్ను చదవమంటాడు, నేను చదివితే కాతు చదివినట్టు లేదంటాడు.'" శ్రీజ నవ్వింది. తర్వాతిది చదివింది. "'నేను రాసిన కథ పోటీకి పంపేముందు విన్నాను. కొటేషన్లు ఉన్నచోట గొంతు మారట్లేదు. ఎవరు మాట్లాడుతున్నారో నాకే తెలియలేదు.' ఇదెవరు? పాలక్కాడ్ అమ్మాయిట." ఇంకొకటి. "'వంట రాసుకున్న పేజీలో అర చెంచాని ఒకటి బై రెండు చెంచా అంటోంది. పులుసు పాడైంది.'"

అలా చాలాసేపు చదివింది. దినేశేట్టన్ పత్రిక మడిచారు.

"ఇన్నేళ్లూ చూపు లేనివాళ్ల కోసం అని చెప్పావు," అంది శ్రీజ ఆయనతో. "వాళ్లెవరో ఒక్కసారీ చెప్పలేదు."

"నాకు మాత్రం ఎక్కడ తెలుసు," అన్నారాయన. "ఫోన్లో పోట్లాట తప్ప ఇంకేం మాట్లాడుకున్నాం."

కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. "వీటిలో సగం ఒకటే లాగున్నాయే," అన్నారు.

"అవును. ఒకేలాంటివన్నీ ఒకదాని కింద కట్టేద్దాం. అప్పుడు కొండలా కనిపించదు."

ఒక్కొక్కటే తీసి కలుపుతూ పోయాం. మాష్ రాసిన తోకల ఫిర్యాదు దగ్గరికి వచ్చేసరికి దినేశేట్టన్ చెయ్యి ఆగింది. ఫోన్లో వెటకారాలాడే మనిషి ఇక్కడ మాత్రం మూడు ప్రశ్నలకూ ఓపిగ్గా జవాబు రాశారు. స్కూల్లో పాత కంప్యూటర్‌లో కొట్టిన జాబితా బాగా పలుకుతోందట. కొత్తగా వచ్చినదాంట్లో కొడితేనే తోకలు పోతున్నాయట. దాని కింద కట్టాల్సినది ఇంకొకటి కనిపించింది. కాసరగోడ్ నుంచి రిల్నా అనే డిగ్రీ విద్యార్థిని రాసింది: పాత వ్యాసాలు చక్కగా చదువుతోంది, ఈ మధ్య టైపు చేసినవాటిలోనే పదాల చివర్లు మింగేస్తోంది.

రెండూ పక్కపక్కన పెట్టుకుని ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

పదం చివర పొల్లుగా పలికే అక్షరాలకు మలయాళంలో వేరే రూపాలున్నాయి, వాటిని చిల్లు అంటాం. కంప్యూటర్లో మొదట్లో ఒక్కొక్కదాన్నీ రెండు మూడు ముక్కలు అతికించి రాసేవారు. ఈ మధ్యే ఒక్కొక్క చిల్లుకీ విడిగా ఒక సంకేతం ఇచ్చారు. కంటికి రెండూ ఒకటే. కాతుకు మాత్రం పాతది తెలుసు, కొత్తది తెలియదు. తెలియని అక్షరం రాగానే నోరు మూసుకుని ముందుకి వెళ్లిపోతోంది. దినేశేట్టన్‌ది పాత కంప్యూటర్. అందుకే ఆయన దగ్గర ఎప్పుడూ బాగానే ఉండేది.

"మాష్ అబద్ధం చెప్పలేదు," అన్నారాయన.

"మీరూ చెప్పలేదు," అన్నాను.

శ్రీజ ఇచ్చిన టీ చల్లారేలోపు ఆయన ఆ కొత్త అక్షరాలన్నీ కాతుకు నేర్పేశారు. రిల్నా పంపిన పేజీ పెడితే చివర్లు ఒక్కటీ మింగకుండా చదివింది. ఆ రెండు ఫిర్యాదుల కిందా ఏం జరిగిందో దినేశేట్టన్ స్వయంగా రాసి, 'మూసేశాం' అని నొక్కారు. నొక్కాక కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నారు. "ఇది బాగుంది," అన్నారు. "ఇంకొకటి తియ్యి."

తర్వాతి మీటింగుకి వేలాయుధన్ మాష్ రైలెక్కి వచ్చారు. చేతికర్రతో మెట్లు తడుముకుంటూ పైకి వచ్చి, కూర్చోకముందే ఉద్యోగం అడిగారు.

"నాకు ప్రోగ్రామ్ రాయడం రాదు. రాసినవాళ్లని తిట్టడం వచ్చు. అలాంటి పని ఏదైనా ఉందా?"

ఉంది. కొత్తగా వచ్చిన ప్రతిదాన్నీ ముందుగా చదివి, అర్థమయ్యేలా ఉందో లేదో తేల్చి, పాతదాంతో కట్టాలో విడిగా ఉంచాలో నిర్ణయించాలి. మెయిళ్లన్నీ దినేశేట్టన్‌కు బదులు ఆయనకు వెళ్లేలా మార్చేశాను. పరీక్ష పేపర్లు దిద్దినట్టు దిద్దడం మొదలుపెట్టారు మాష్. 'పని చెయ్యట్లేదు' అని మాత్రమే రాసిన ఒక కుర్రాడికి, 'ఎవరు పని చెయ్యట్లేదు? నువ్వా, అదా?' అని జవాబిచ్చారు. వాడు రెండో రోజుకి అరపేజీ వివరంగా రాశాడు. రిల్నాకి మొదటి నుంచీ మంచి మార్కులే. ఆ అమ్మాయిని కూడా తన పనిలోకి చేర్చుకున్నారు.

ఆ ఎండాకాలం దినేశేట్టన్ శ్రీజను, పిల్లలను తీసుకుని వయనాడ్ వెళ్లారు. కుటుంబంతో కలిసి నాలుగు రోజులు ఊరొదలడం పెళ్లయ్యాక అదే మొదటిసారని శ్రీజ చెప్పింది. తిరిగొచ్చాక ఆయన మొదట మేడ మెట్లెక్కి, "ఏమైనా విరిగిందా?" అని అడిగారు.

"కొన్ని వచ్చాయి. మేమే చూసుకున్నాం. ఒకటి మీకు ఉంచాం, అంకెల గొడవ," అన్నాను.

"ఒకటేనా?" అన్నారు. కాస్త నిరాశపడ్డట్టే అనిపించింది, కానీ మొహం ఎండకి కమిలి, తేరుకుని, నిండుగా ఉంది.

మాష్ గొంతు సవరించుకున్నారు. "ఇవాళ పొద్దున నేను కూడా ఒకటి రాశాను. కాతు మీద కాదు."

తెరిచి చూశాను. ఫిర్యాదు నేను పెట్టిన చోటు మీదే. ప్రతి పేజీ తెరవగానే పక్కన ఉన్న లింకులన్నీ కాతు చదువుకుంటూ పోతోందనీ, అసలు విషయం దగ్గరికి వచ్చేసరికి టీ తాగి రావచ్చనీ, దీన్ని పెట్టినవారు ఒక్కసారైనా కళ్లు మూసుకుని వాడి చూశారా అనీ రాసి ఉంది. కింద 'సరిచేయాల్సినవారు' అన్నచోట నా పేరు.

పాప నిద్రపోయే మధ్యాహ్నాలన్నీ గుర్తొచ్చాయి. తలెత్తితే దినేశేట్టన్ సులైమానీ టీ గ్లాసు వెనక మొహం దాచుకుని నవ్వుతున్నారు.

"ఎలా ఉంది జుబీ?"

"గోడకి గోరు పెట్టారు," అన్నాను.

"రాతలో తప్పేమైనా ఉందా మోళే?" అన్నారు మాష్.

"లేదు మాష్. చాలా స్పష్టంగా ఉంది."

లాప్‌టాప్‌కు ఇయర్‌ఫోన్లు తగిలించి, తెర మూతను సగం కిందికి దించి, కళ్లు మూసుకున్నాను. కాతు మొదటి లింకు చదివింది. రెండోది చదివింది. మాష్ చెప్పింది నిజమే. పక్కనెవరో నా కోసం టీ పోస్తున్న చప్పుడు వినిపించింది. వింటూ ఉండిపోయాను.