మెషీన్ మారదు, రౌటరే మారాలి

మెషీన్ కొనేవాడు నాలుగింటికి వస్తానన్నాడు. ఆ మాట మామగారు పదకొండున్నరకి చెప్పారు, ఎంబ్రాయిడరీ మెషీన్ పక్కన నిలబడి.

"ఆలోపు నడిస్తే?" అంది చిన్నకోడలు.

"నడిస్తే అప్పుడు చూద్దాం. నాలుగు రోజులైంది. ఇనప సామానుకి కాపలా కాస్తున్నాం."

ఆ మెషీన్ మీద ఆరేళ్లుగా పనిచేస్తున్నది ఆమే. బడి యూనిఫాం జేబులకి బ్యాడ్జీలు కుట్టడం దాని పని. ఏడాది కిందట దాని తెర పోయింది, ఆ మోడల్‌కి కొత్త తెర దొరకలేదు. అప్పటినుంచి డిజైన్లు కంప్యూటర్ నుంచి రౌటర్ మీదుగా వైర్లలో వెళ్తున్నాయి. సోమవారం పాత రౌటర్ కాలిపోయింది. కొత్తది బిగించినతను ఇంటర్నెట్ వస్తోందో లేదో చూశాడు. వచ్చింది. సంతకం పెట్టించుకుని వెళ్లిపోయాడు. మెషీన్ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు.

కారణం పట్టుకోవడానికి ఆమెకి మూడు రోజులు పట్టింది. మెషీన్ అడ్రసు 192.168.10.57 అని కంప్యూటర్‌లో రాసి ఉంది. కొత్త రౌటర్ మాత్రం అన్నిటికీ 192.168.1తో మొదలయ్యే అడ్రసులు ఇస్తోంది. ఆ మూడో సంఖ్య కలవకపోతే ఒకదాని మాట ఒకదానికి చేరదు. మెషీన్ అడ్రసు మార్చాలంటే తెర కావాలి. తెర లేదు. ఇక మారాల్సింది రౌటరే.

ఒంటిగంట దాటాక కంప్యూటర్‌లో రౌటర్ పేజీ తెరిచింది. లోకల్ నెట్‌వర్క్ అన్నచోట 192.168.1.1 చెరిపి 192.168.10.1 అని కొట్టి, సేవ్ నొక్కింది. లోడింగ్ చక్రం కాసేపు తిరిగింది. తర్వాత పేజీ ఖాళీ.

"పోయిందా?" అన్నారు మామగారు.

ఆమె పిన్ను వెతికి తెచ్చింది. రౌటర్ వెనక కన్నంలో పిన్ను దూర్చి పదిదాకా లెక్కపెట్టింది. రౌటర్ కొన్ననాటి స్థితికి వచ్చింది. ఇంటర్నెట్ పాస్‌వర్డు దగ్గర్నుంచి అన్నీ మళ్లీ పెట్టుకోవాలి. దానికి ముప్పావుగంట. రెండోసారీ పేజీ ఖాళీ, మళ్లీ పిన్ను, మళ్లీ ముప్పావుగంట. మూడోసారి ప్రతి సంఖ్యా కాగితం మీద రాసుకుని, వేలుపెట్టి సరిచూసుకుని కొట్టింది. అయినా ఖాళీయే. పిన్ను అందుకుంది.

"ఆగవే. అదిటివ్వు," అంటూ పిన్ను పట్టేసుకుంది కాజాలక్క. ఆమె పెద్ద తోడికోడలు. రోజుకి రెండొందల బొత్తాం కాజాలు తీస్తుంది కాబట్టి వీధంతా ఆ పేరుతోనే పిలుస్తుంది. కంప్యూటర్ ఎప్పుడూ ముట్టుకోలేదు.

"టైం లేదక్కా, వదులు."

"ఇప్పుడు దాని అడ్రసు ఏమని మార్చావు?"

"చివర పది, ఒకటి."

"మరి నువ్వు వెతికేది ఎక్కడ?"

చిన్నకోడలు కంప్యూటర్ తెర పైభాగం చూసింది. అక్కడ ఇంకా 192.168.1.1 అనే ఉంది.

"ఇల్లు మారినవాళ్ల కోసం పాతింటి తలుపు కొడితే ఎవరు పలుకుతారే? పలకలేదని మూడోసారి కూడా మెడపట్టి వెనక్కి లాక్కొస్తావా?"

అంటే రెండుసార్లూ అడ్రసు మారింది. రెండుసార్లూ తన చేత్తోనే చెరిపేసింది.

"నీకెలా తెలిసిందక్కా?"

"నాకేం తెలుసు! ఇందాకట్నుంచి నువ్వు కొట్టేవి చూస్తున్నా. దాని అడ్రసు మార్చావు, నువ్వు వెతికే చోటు మార్చలేదు."

కొత్త అడ్రసు కొట్టింది. తెరుచుకోలేదు.

"పిన్ను మాత్రం ఇవ్వను," అంది కాజాలక్క.

"అడగను. కంప్యూటర్ ఇంకా పాత అడ్రసు పట్టుకుని వేలాడుతోంది." కంప్యూటర్ వెనక వైరు పీకి, కాసేపాగి మళ్లీ గుచ్చింది. ఈసారి పేజీ వచ్చింది.

ఒక పని మిగిలింది. రౌటర్ తనంతట తాను పంచే అడ్రసుల వరుస రెండు నుంచి మొదలవుతోంది. యాభై ఏడుని ఎవరి ఫోనుకో ఇచ్చేస్తే మెషీన్ మళ్లీ ఆగిపోతుంది. వరుసని వంద నుంచి రెండొందల దాకా అని మార్చింది. తర్వాత కంప్యూటర్ నుంచి మెషీన్‌ని నాలుగుసార్లు పలకరించింది. నాలుగుసార్లూ బదులొచ్చింది.

బ్యాడ్జీ డిజైన్ పంపింది. మూడూ నలభైకి సూది దిగింది.

నాలుగింటికి కొనేవాడు వచ్చేసరికి మూడో బ్యాడ్జీ నడుస్తోంది. అతను గుమ్మంలోనే ఆగాడు.

"నడవదన్నారు కదండీ?"

"పొద్దున నడవలేదు," అన్నారు మామగారు.

"నడిచేదైతే మరీ మంచిది. రేటు ఇంకోసారి మాట్లాడుకుందాం."

మామగారు మెషీన్ వైపు చూశారు. తర్వాత కోడలి వైపు. "ఆ మాట నాతో కాదు. ఆమెతో మాట్లాడండి."

అతను లోపలికొచ్చి మెషీన్ ముందు నిలబడ్డాడు. ఆమె దారం మారుస్తోంది. తల ఎత్తలేదు.

"నాలుగు రోజుల పని పేరుకుపోయిందండీ. కాస్త పక్కకి జరగండి, వెలుతురుకి అడ్డొస్తున్నారు."