చున్నీ కొస

ఆ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఉందే, మహా టెక్కుది. కాస్త చెయ్యి వణికినా ఒప్పుకోదు, కాస్త తడి తగిలినా అలుగుతుంది. గోదావరిఖని బొగ్గుగని క్వార్టర్ల నుంచి వరంగల్‌కు పరిశోధనకు వెళ్లిన గ్లోరియా దాన్ని నెలల తరబడి బతిమాలుకుంటూ నేర్చుకుంది. తీరా పరీక్షకొచ్చేసరికి అది పరువు తీసింది.

పరీక్ష ఏమంత కష్టం కాదు. నమూనా అంటించే చిన్న లోహపు బిళ్లను ఖాళీగా మిషన్లో పెట్టాలి, తెర మీద ఏమీ కనిపించకూడదు. గ్లోరియా పెడితే మాత్రం నల్లటి పలుకులు కనిపించాయి. మళ్లీ పెట్టినా అంతే.

"ఇంకొక్కసారి చూస్తాను. ఈసారీ ఇలాగే వస్తే మిషన్ వేరేవాళ్లకిస్తాను," అంది గైడు రాజకుమారి మేడమ్. మిషన్ పోతే పరిశోధన పోయినట్టే.

ఈసారి మేడమ్ పక్కనే నిలబడింది. గ్లోరియా చేతి తొడుగులు వేసుకుంది, పట్టకారుతో బిళ్ల తీసింది.

"ఆగు! చున్నీతో తుడిచావేంటమ్మా?"

గ్లోరియా కిందికి చూసుకుంది. నిజమే, చున్నీ కొస బిళ్ల మీదే ఉంది. తుడిచినట్టు తనకే తెలియదు. గోదావరిఖనిలో తుడవకుండా ఎవరు ఏం వాడతారు? గ్లాసైనా, కంచమైనా, కుర్చీ అయినా ముందు తుడవాల్సిందే.

"మా దిక్కు అందరం గిట్లనే తుడుస్తం మేడమ్," అంది సిగ్గుతో చచ్చిపోతూ.

మేడమ్ కొత్త బిళ్ల ఇచ్చింది. తుడవకుండా పెడితే తెర తేటగా వచ్చింది.

"వారం వారం ఇంటికెళ్లొస్తావుగా, మీ ఇంటి దండెం మీద ఆరిన చున్నీ కదూ? ఆ బొగ్గు నుసే ఇది. పోన్లే, సోమవారం నుంచి మిషన్ నీదే."

శనివారం గ్లోరియా కాళ్లు నేల మీద ఆనకుండా ఇంటికొచ్చింది. సంగతి విని తల్లి సుసన్నా మురిసిపోయింది. "ప్రభువు సల్లగ సూసిండు బిడ్డా! కూసో, తిందువు," అంటూ కంచం తీసి కొంగుతో తుడిచింది.

"తుడువకమ్మా!"

"తుడువకుంట ఎట్ల పెడ్తనే? పెండ్లైనకాడ్నుంచి మీ బాపుకు ఒక్క పూట గుడ తుడువకుంట పెట్టలే."

లోపల తండ్రి అంద్రెయ దగ్గుతున్నాడు. గని డ్యూటీ మానేసి ఏళ్లయినా ఆ దగ్గు మానలేదు.

అదే దండెం మీద ఆరిన ఆ కొంగులో ఏముందో తెర మీద కళ్లారా చూసొచ్చిన పిల్ల గ్లోరియా. అంత ప్రేమగా తుడిచే చేతికి ఆ మాట ఎలా చెప్పాలి?

"జర బాపుకు నీళ్లియ్యి పో," అంటూ సుసన్నా గ్లాసు కూడా తుడిచి చేతికిచ్చింది.

గ్లోరియా చాటుగా గ్లాసు మళ్లీ కడిగింది. తుడవకుండా, తడి తడిగానే నీళ్లు నింపి తీసుకెళ్లింది.

"తుడువకుంట తెచ్చినవేంది బిడ్డా? గప్పుడే మర్శినవా?" అని నవ్వి, అంద్రెయ భుజం మీది తువ్వాల తీసి, గ్లాసు అంచంతా నిదానంగా తుడుచుకుని తాగాడు.