గుగ్గిలం పూసిన కొమ్ము

ధవళేశ్వరం దగ్గర గోదావరికి ఆనకట్ట కడుతున్న రోజులవి. కోనసీమలో సముద్రం దగ్గరి పోలవరం రేవులో నూకయ్య పడవలు బాగుచేసేవాడు. అతను అతుకు వేసిన పడవలోకి చుక్క నీరు చేరేది కాదు.

అతని భార్య వరహాలమ్మకు ఓసారి విషజ్వరం వచ్చి, చెవులు దాదాపు పోయేయి. నూకయ్య దున్నపోతు కొమ్ము తెచ్చి, లోపల పల్చగా గీకి, కొసకు బెజ్జం పెట్టేడు. ఆ కొస చెవిలో పెట్టుకుంటే, వెడల్పు వైపునుంచి ఎవరు మాట్లాడినా ఆవిడకు తెలిసేది.

ఒకనాడు కొమ్ము చేతిలోంచి జారిపడి నిలువునా పగిలింది. నూకయ్య తనకొచ్చిన పనే చేసేడు. పడవలకు పట్టించే గుగ్గిలం నూనెలో కాచి పగులు నింపేడు. మళ్ళీ విడిపోకూడదని లోపలంతా మందంగా పూసేడు. ఆరేక కొసనున్న బెజ్జం వేలితో మూసి, నీళ్ళు పోసి చూసి, "చెమ్మయినా దిగలేదు, చూడు!" అని మురిసిపోయేడు.

వరహాలమ్మ చెవిలో పెట్టుకుంది. మూతపెట్టిన కుండలోంచి వచ్చినట్టు ఏదో హోరు. మాటలు విడివడట్లేదు.

"బాగా వినపడతందా?" అన్నాడు.

అతని సంబరం చూసి నిజం చెప్పడానికి ఆవిడకు నోరు రాలేదు. "ఆయ్, బాగుంది మావా" అంది. అప్పట్నుంచి పెదాల కదలిక చూసి జవాబులు చెప్పడం నేర్చుకుంది.

ఆ వర్షాకాలం కూతురు సుగుణ రాజోలు దగ్గర అత్తారింటినుంచి వచ్చింది. కడుపుతో ఉంది. తిరిగి వెళ్ళేరోజున రేవులో మొగుడు కనకరాజు పిలుస్తుంటే, తల్లిని ఇంట్లోకి తీసుకెళ్ళి కొమ్ముకు నోరు ఆనించింది.

"అమ్మా, నన్ను పంపకు. అక్కడ చాకిరీ నావల్ల కావట్లేదు. పురుడు పోసుకునేదాకా ఇక్కడే ఉంచుకో."

పెదాలు కొమ్ము చాటున పడ్డాయి. వెళ్ళొస్తానంటోందనుకుంది వరహాలమ్మ. తల నిమిరి, "ఆయ్, అలాగే తల్లీ. పొద్దుపోకుండా బయల్దేరు" అంది.

సుగుణ మళ్ళీ అడగలేదు. పడవెక్కేసింది.

కాన్పు కష్టమై బిడ్డ దక్కలేదని కబురొచ్చింది. నూకయ్యా వరహాలమ్మా పరుగున వెళ్ళేరు. సుగుణ తల్లివైపు చూడలేదు. తండ్రితో మాత్రం, "ఉంచుకోమని అడిగేను నాన్నా. అమ్మే వెళ్ళమంది" అంది.

నూకయ్యకు అర్థం కాలేదు. భార్యకేసి తిరిగి కూతురన్న మాట చెప్పేడు. అతని పెదాల కదలికలో సంగతి తెలిసి ఆవిడ కుప్పకూలిపోయింది.

"నాకు వినపడలేదు మావా. నువ్వు బాగుచేసింది మొదలు ఒక్క మాటా తెలీలేదు. అంత మురిసిపోయేవు, నీకెలా చెప్పను?"

నూకయ్య మొలలోని చాకు తీసి, ఆవిడ చేతిలోని కొమ్ము అందుకుని, అక్కడే కూర్చుని గుగ్గిలమంతా గీకేడు. పగులు మళ్ళీ తెరుచుకుంది. దాన్ని వేళ్ళతో అదిమిపట్టి, పెళ్ళాం చెవికి పెట్టి, "ఇప్పుడు చెప్పవే, ఆ మాట" అని కూతుర్ని బతిమాలేడు.

సుగుణ కొమ్ముకు నోరు ఆనించింది.

"అన్నం తిన్నావా అమ్మా?" అని మాత్రం అడిగింది.

వరహాలమ్మకు ప్రతి అక్షరం వినపడింది. లేదన్నట్టు తల ఊపి, ఏడ్చింది.