మొసలికి మా దెబోరా పేరు

మా మనవరాలు కారుణ్య కంప్యూటరులో ఆడే ఆట ఒకటి తయారుచేసింది. మా కలకత్తా గార్డెన్ రీచ్‌లో బయలుదేరిన పడవ చేపల బుట్టలతో షాలిమార్ ఒడ్డు చేరాలి. మధ్యలో మొసలి అరుస్తూ వచ్చి చేపలు అడుగుతుంది. ఖిదిర్‌పూర్ ఓడల డాకులో పనిచేసే రోజుల్లో నేను చూసిన మొసలి ముందు అది బల్లిపిల్ల. నా మొసలి ఆవులిస్తే స్టీమరు నోట్లోంచి వెళ్ళి, లోపల సరుకు దించి, తోకవైపు నుంచి వచ్చేది. ఇంట్లో ఎవరూ నమ్మరు.

ఆట బాగుంది. దాని లోపలి సామానే మా అటకలా ఉంది. బొమ్మలు, చప్పుళ్ళు, కోడు అన్నీ ఒకే ఫోల్డరులో కుక్కింది. పేర్లన్నీ మా ఇంటివాళ్ళవే. పడవ పేరు తాత. వాన పేరు అమ్మ. మొసలి పేరు దెబోరా అత్త, అంటే సాక్షాత్తూ నా కూతురు. కారుణ్య ఒక్కతే పనిచేసినన్నాళ్ళూ ఇబ్బంది లేదు. ఇప్పుడు సాల్ట్ లేక్ కంపెనీ ఒకటి ఉద్యోగం ఇస్తానంది. సాయంత్రం అక్కడి అనిర్బాన్ అనే బెంగాలీబాబు ఫోల్డర్లన్నీ విప్పి చూస్తాడట. అతనికి అర్థం కాకపోతే ఉద్యోగం లేనట్టే.

పొద్దున్నే సర్దడం మొదలుపెట్టింది.

"ఏటే, సప్పుళ్ళన్నీ వేరే గదిలో పెట్టీసినావు? పడవ మూగదైపోదా?"

"తాతా, ప్లీజ్! ముందు ఏ రకమో, తరవాత అదేటో, అలాగ పేరెట్టాలి. జంతువు, మొసలి. అప్పుడు ఎవరికైనా సమజ్ అవుద్ది."

"మా క్వార్టర్సులోనూ అంతేనే. ముగ్గురు ఎలీయాజర్లు ఉండీవోరు. క్రేన్ ఎలీయాజరు, చర్చి ఎలీయాజరు, గురక ఎలీయాజరు. ఆఖరోడు గురకెడితే, ఇంజను కూత అనుకోని షాలిమార్‌లో గూడ్సుబండి కదిలిపోయీది."

"గూడ్సుబండి అబద్ధం. పేర్లు కరెక్ట్," అని నవ్వింది.

మధ్యాహ్నానికి సర్దడం అయింది. ఆట నడిపి చూసింది. పడవ కదిలింది, వాన కురిసింది. మొసలి రావలసిన చోట తెర ఆగిపోయి ఎర్రటి అక్షరాలు పడ్డాయి.

"దెబోరా అత్త కనబడటం లేదు," అని కారుణ్య గట్టిగా చదివింది.

సరిగ్గా అప్పుడే చేపలపులుసు క్యారియరుతో దెబోరా గుమ్మంలోకి వచ్చింది.

"ఇంత మనిషిని, కనబడకపోడమేటే?"

కారుణ్య తెరకి అడ్డంగా జరిగింది. ఊరుకుంటే నేనెందుకు? "మొసలికి నీ పేరెట్టిందమ్మా," అన్నాను.

"సారీ అత్తా! ఇప్పుడు మార్చీసినాను. ఎక్కడో ఒక్కచోట పాతపేరు ఉండిపోయింది."

వెతికితే దొరికింది. మొసలిని పిలిచే కోడు వరుసలోనే ఇంకా అత్త ఉంది. మార్చగానే నీళ్ళు చీల్చుకుని మొసలి లేచి అరిచింది. దెబోరా చాలాసేపు చూసింది.

"పళ్ళు బాగున్నాయి. ఇప్పుడు దీని పేరేటి?"

"జంతువు, మొసలి."

"అంతేనా? సొంతపేరు లేదా పాపం? నా పేరే ఉంచు."

ఫైలుకు కుదరదంది కారుణ్య. పులుసు ఇంటికి పట్టుకుపోతానంది దెబోరా. చివరికి ఫైలు పేరు పద్ధతి ప్రకారమే ఉంది. తెరమీద మాత్రం మొసలి తలపైన 'దెబోరా' అని వెలిగింది.

సాయంత్రం అనిర్బాన్ వీడియో కాల్‌లో ఫోల్డర్లు చూశాడు. ఏదెక్కడుందో ఒక్కసారీ అడగలేదు. ఆట ఆడి, "దెబోరా కె?" అన్నాడు. ఎవరని.

కారుణ్య నోరు తెరిచేలోగా మా అమ్మాయి కెమెరా ముందుకొచ్చి, "ఆమి!" అంది. నేనేనని.

అతను పడీ పడీ నవ్వి, సోమవారం నుంచి రమ్మన్నాడు. కారుణ్యని. దెబోరా మాత్రం తననే అనుకుని చీర ఇస్త్రీకి ఇచ్చింది.