అన్న బుగ్గ మీద ముడత

నేను ఒక హెలికాప్టర్ తోకను. మెకానిక్కులు టెయిల్ బూమ్ అంటారు. ఇప్పుడు నాకు హెలికాప్టరూ లేదు, దాన్ని నడిపిన మనిషీ లేడు. హైదరాబాదు శివార్లలోని ఒక చిన్న విమానాశ్రయంలో, రేకుల షెడ్డులో, టార్పాలిన్ కింద పడి ఉన్నాను. నన్ను చూసి అయ్యో పాపం అనకండి. నాకు ఒళ్లు మండిపోతోంది, ముందు అది వినండి.

నేను పుట్టింది పరాయి దేశపు ఫ్యాక్టరీలో. పలుచని అల్యూమినియం రేకును గొట్టంలా చుట్టి, వరసలు వరసలుగా రివెట్లు కొట్టి నన్ను చేశారు. లోపలంతా బోలు. చూడ్డానికి బక్కగా ఉన్నా నా పని చిన్నది కాదు. నెత్తిమీద పెద్ద రెక్క ఒకవైపు తిరిగితే కింది యంత్రమంతా రెండోవైపు తిరగబోతుంది. నా చివరనున్న చిన్న రెక్క దాన్ని పట్టి ఆపుతుంది. నేను ఊడిపోతే హెలికాప్టర్ బొంగరమే. ఎక్కేవాళ్లకు ఈ సంగతి అక్కర్లేదు, కిటికీ పక్క సీటు దొరికితే చాలు.

మొదట కాకినాడ తీరం నుంచి సముద్రంలోని చమురు బావులకు పనివాళ్లను మోశాను. నా యజమానులు పిసినారులే, అయినా దిగిన ప్రతిసారీ మంచినీళ్లతో కడిగించేవారు, ఉప్పు పోయిందో లేదో వేలితో తడిమి చూసేవారు. తర్వాత కొండల మీది గుడికి భక్తులను మోశాను. అక్కడ కడగడం తగ్గి కొబ్బరికాయలు పెరిగాయి. చివరికి హైదరాబాదులో కమలాకర్ అనే ఆసామి నన్ను కొన్నాడు. ఎన్నికలప్పుడు నాయకులకు హెలికాప్టర్ అద్దెకివ్వడం అతని వ్యాపారం.

అతని దగ్గర పైలట్ కెప్టెన్ ఆశీర్వాదం. బాపట్ల మనిషి, వైమానిక దళంలో చేసి రిటైరయ్యాడు. రోజూ పొద్దున్నే ఎగరబోయే ముందు నా మొదలు నుంచి చివరిదాకా అరచేత్తో నిమిరి చూసేవాడు. "ఏమ్మా, బాగున్నావా?" అని అడిగేవాడు. నన్ను ఆ మాట అడిగినవాడు ఆయనొక్కడే.

ఎన్నికలొచ్చాయి. ఒక పార్టీ నాయకుడు మమ్మల్ని నెలన్నరకు మాట్లాడుకున్నాడు. ఆయన్ను అందరూ అన్న అంటారు, నేనూ అలాగే అంటాను. అన్న ప్రచారం చూసుకునే కొండల్ మొదటి రోజే నా ఒంటినిండా అన్న నవ్వుముఖం ఉన్న పెద్ద స్టిక్కర్ అంటించాడు. నేను హెలికాప్టర్ పొట్టకు అతుక్కునే చోట, నా బలమంతా ఉండే చోట, సరిగ్గా అక్కడికి అన్న బుగ్గ వచ్చింది. రివెట్లన్నీ ఆ నవ్వు కింద మాయమయ్యాయి. ఇక ఆశీర్వాదం నిమిరినా చేతికి తగిలేది అన్న ముఖమే.

నామినేషన్ రోజు సభలో జనం తాళ్లు తెంచుకుని వచ్చి పడ్డారు. అన్న మెడలో గజమాల పడుతుంటే నలుగురు కుర్రాళ్లు నా మీదెక్కి కూర్చున్నారు. జెండా ఊపారు, సెల్ఫీలు దిగారు, డప్పుకు తగ్గట్టు ఎగిరెగిరి కుదిపారు. నా మీద చిలక వాలినా ఆశీర్వాదం అదిలిస్తాడు. ఆయన అరుస్తూనే ఉన్నాడు, డప్పుల్లో ఎవరికి వినబడుతుంది? అప్పుడే ఒక రివెట్టు పక్కన నాలో సన్నటి చీలిక పుట్టింది. గాలిలో దడదడలాడిన ప్రతిసారీ అది కాస్త పాకింది.

కొన్నాళ్లకు ఒక పొద్దున ఆశీర్వాదం చెయ్యి అన్న బుగ్గ దగ్గర ఆగింది. అక్కడ స్టిక్కర్ ముడతపడింది. నా రేకు నలగబట్టే అది ముడతపడింది. నోరులేని నేను చేయగలిగిన హెచ్చరిక అదొక్కటే.

"ఇది పీకండి. కింద చూడాలి," అన్నాడాయన.

కొండల్ అడ్డం వచ్చాడు. "ఏంది సార్, అన్న మొఖం చింపుతా అంటున్నవా? కార్యకర్తలు చూస్తే ఊకుంటరా? ముడతే గద, రెండు నిమిషాల్ల పోతది."

ఆశీర్వాదం కమలాకర్‌కు ఫోన్ చేశాడు. "ఇవాళ రెండు సభలే కదా కెప్టెన్ గారూ! సాయంత్రం రాగానే పీకించేద్దాం. ఇప్పుడు ఆపితే వాళ్లు ఇంకో కంపెనీ దగ్గరికి పోతారు," అన్నాడతను.

ఈలోగా కొండల్ వేడిగాలి మిషన్ తెప్పించాడు. అన్న బుగ్గ మీద వేడిగాలి కొట్టించి, గుడ్డతో రుద్ది, ముడత పోగొట్టాడు. నా నోరు నొక్కేశాడు. ఆశీర్వాదం ఆ నున్నటి బుగ్గకేసి చాలాసేపు చూశాడు. తర్వాత ఎక్కి కూర్చున్నాడు. ఎక్కకుండా ఉండాల్సింది. ఆయన మీద కూడా నాకు కోపమే, దాచను.

మొదటి సభలో అన్నను దించి, ఇంధనం కోసం ఒక్కడే వెనక్కి వస్తున్నాడు. ఆకాశం తేటగా ఉంది. పత్తి చేల మీద నేను విరిగిపోయాను. నేనొక చేలో పడ్డాను, ఆయన గిరగిరా తిరుగుతూ పోయి అవతలి చేలో పడ్డాడు. నేను విరిగిన తర్వాత ఆయన చేతిలో చేయడానికేమీ మిగల్లేదు. ఈ ఒక్క మాట ఎవరైనా వింటారని ఎదురుచూశాను.

ఎవరు వింటారు? టీవీల్లో తలా ఒక కారణం చెప్పారు. గద్ద తగిలిందన్నారు, పొగమంచన్నారు, ఎండాకాలంలో! ప్రతిపక్షం కుట్ర అన్నారు. అష్టమి నాడు బయల్దేరితే ఇంతేనని ఒక జ్యోతిష్కుడు తేల్చాడు. అన్న కళ్లు తుడుచుకుని, తనను దేవుడే కాపాడాడన్నాడు. ఆ కన్నీళ్లకు ఓట్లు రాలాయి, మంత్రయ్యాడు. కమలాకర్ మాత్రం గొంతు తగ్గించి, "ఆయనకు వయసైపోయిందండీ, కాస్త మందు అలవాటు కూడా," అన్నాడు. చచ్చినవాడు వచ్చి కాదనడుగా!

ఆశీర్వాదం భార్య రూతమ్మ ఊరుకోలేదు. బాపట్లలో నర్సు ఆవిడ. మొగుడి మీద పడ్డ మచ్చ చెరపాలని ఈ షెడ్డుకు ఎన్నిసార్లు వచ్చిందో! ఒక రోజు ఆవిడ వచ్చేసరికి ప్రమాదం విచారణ అధికారి నా పక్కనే ఉన్నాడు.

"మా ఆయన చుక్క ముట్టడండీ. ఆ పొద్దున ఫోన్లో చెప్పాడు, అన్న బుగ్గ మీద ముడతొస్తే ఇస్త్రీ చేశారని. ఆ బుగ్గ కింద చూశారా మీరు?"

"మంత్రిగారి ఫోటో కదమ్మా. తీయడానికి పైనుంచి అనుమతి రావాలి," అన్నాడు అధికారి.

కాపలా కానిస్టేబుల్ కదిలేలోపే ఆవిడ టార్పాలిన్ లాగేసింది. విరిగిన అంచు మీదికి మడతపడి అంటుకుపోయిన సగం బుగ్గను గోళ్లతో పట్టి చర్రున పీకింది. వేళ్లు కోసుకున్నా ఆగలేదు. కింద నా అంచు బయటపడింది. కొత్తగా తెగిన చోట తళతళ మెరుస్తోంది. చీలిక పాకిన చోట మాత్రం మట్టీ నూనే పట్టి నల్లబడి ఉంది. ఎన్నాళ్లగానో చీలి ఉందని చూసిన ఎవరికైనా తెలుస్తుంది. అధికారి ఒంగి చూశాడు. కాగితం తీసి రాసుకున్నాడు.

నివేదికలోంచి పైలట్ తప్పిదం అన్న మాట తీసేశారు. రూతమ్మ గెలిచింది. దాని బదులు, ప్రమాదానికి కారణం బహుశా లోహపు అలసట, అంటే వాడగా వాడగా రేకు తనంతట తానే చీలడం, అని రాశారు. అలసటట! నేనెప్పుడు అలసిపోయాను? ఆ నివేదికలో నా మీదెక్కి కుదిపినవాళ్లు లేరు, నా నోరు నొక్కినవాడు లేడు, సాయంత్రం చూద్దామన్నవాడు లేడు. మనుషులందరూ చేతులు దులుపుకున్నారు, దోషిని నేనొక్కదాన్నే. రేపో మాపో నన్ను తుక్కుకు అమ్మేస్తారు.

మళ్లీ ఎన్నికలొచ్చాయి. పక్క షెడ్డులో కమలాకర్ కొత్త హెలికాప్టర్ దించాడు. పొద్దున్నుంచీ అక్కడ వేడిగాలి మిషన్ మోగుతోంది. కొండల్ గొంతు నాకు స్పష్టంగా వినబడుతోంది.

"మంచిగ గుంజి అంటియ్యుండ్రి. ఈసారి ఒక్క ముడత గూడ కనబడొద్దు."